బాయి లోపలి కూలి, ఒడ్డు మీది కూలి

ఆడపిల్లలు కరెంటు స్తంభం ఎక్కితే మన పత్రికలకు పండుగ అయింది. ఎక్కింది నిజం. ఎక్కినవాళ్లు మెచ్చుకోదగ్గవాళ్లే. కానీ ఆ పండుగలో ఏం మాట్లాడారు, ఏం మాట్లాడకుండా దాటేశారు అన్నది అడగాల్సింది మనమే. దళిత స్త్రీలం మనం అడగకపోతే ఇంకెవరికీ ఆ అవసరం లేదు.

ముందు జరిగిన సంగతి. 2019లో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మెన్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ ఇచ్చింది. 2,500 పోస్టులు. మగవాళ్లే అర్హులన్నది. ఐటీఐ చదివిన కొందరు ఆడపిల్లలు హైకోర్టుకు పోయారు. స్తంభం ఎక్కే పరీక్ష వీళ్లకూ పెట్టమని కోర్టు చెప్పింది. 2020 డిసెంబర్‌లో సిద్దిపేట జిల్లా శిరీష, మహబూబాబాద్ జిల్లా భారతి ఎనిమిది మీటర్ల స్తంభం ఎక్కి దిగారు. 2021 మేలో శిరీష చేతికి నియామక పత్రం వచ్చింది. మహబూబాబాద్ 2016 దాకా మా వరంగల్ జిల్లాయే, మాకు అది ఇప్పటికీ మానుకోటే. కాబట్టి భారతి మా జిల్లా బిడ్డ అని నేను గొప్పగనే చెప్పుకుంటాను.

ఇక రాతల సంగతి. 'మగవాళ్లకు దీటుగా' అన్నారు. 'ధీర వనిత' అన్నారు. పేదరికం గురించి రెండు వాక్యాలు, అమ్మానాన్నల కష్టం గురించి రెండు వాక్యాలు, స్తంభం మీద నవ్వుతున్న ఫొటో. ఆ పిల్లలు కోర్టుకు పోయింది ధైర్యం చూపించుకోవడానికా? స్కేలు ఉన్న ఉద్యోగం కోసం. నెల తిరిగేసరికి జీతం, దాంతోపాటు పీఎఫ్, సెలవు, చస్తే ఇంటివాళ్లకు పరిహారం. ఈ మాట ఏ ఫీచర్‌లోనూ అసలు మాటగా రాలేదు. ధైర్యం పొగిడితే ఖర్చు లేదు. కూలి గురించి మాట్లాడితే లెక్క చెప్పాల్సి వస్తది.

నా పేచీ ఆ పిల్లలతో కాదు, వాళ్ల మీద రాసిన రాతతో. ఇంకా చెప్పాలంటే 'మగపని' అనే మాటతో. మా మాదిగవాడల మగపని అని పేరున్నవి రెండే: నాగలి పట్టుడు, సచ్చిన గొడ్డు తోలు ఒలుసుడు. మిగిలినయన్నీ పనులే. నడుములు విరిగే పనులు, ఊపిరి పోయే పనులు, చేతులు తెగే పనులు. వాటిని ఆడోళ్లు చేస్తుంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఫొటో తీయలేదు. పని ప్రమాదమైనందుకు మగపని కాదు. దానికి మంచి కూలి, ఒక పేరు, ఒక యూనిఫాం వచ్చినంక మగపని అయితది. అప్పుడు ఆడది దాంట్ల చెయ్యి పెడితే అది వార్త.

ఇది నేను పుస్తకాలు చదివి తెలుసుకున్నది కాదు. మా అవ్వ నడిచిన తొవ్వల నుంచి తెలుసుకున్న.

మా ఊరు పరకాల అవతల. మా నాయిన ఒక పటేలు దగ్గర జీతం ఉండె. నేను ఆరో తరగతికి హాస్టల్‌కు వచ్చిన ఏడే ఆయనకు దగ్గు పట్టింది. టీబీ అన్నారు. జీతం పోయింది, పటేలు దగ్గర చేసిన బాకీ మాత్రం పోలేదు. ముగ్గురం పిల్లలం. అవి 1990 దాటిన ఏండ్లు. మా దిక్కు పత్తి, మిర్చి జోరుగా పెడుతున్న కాలం. బోర్లు పడుతున్నకొద్దీ బాయిలు ఎండుతున్నయి. ఎండకాలం వచ్చిందంటే ప్రతి ఆసామీ బాయి లోతు చేపిచ్చుడే.

బాయిపని తెలియనోళ్లకు కొంచెం చెప్పాలె. మా దిక్కు భూమిల పైన మట్టి, దాని కింద మొరం, దాని కింద బండ. మట్టి, మొరం దాకా గడ్డపార, పార చాలు. బండ తగిలితే తూటాలు పెట్టాలె. సమ్మెటతోని, లేకుంటే ట్రాక్టర్ కంప్రెషర్‌తోని బండకు బొక్కలు కొడతారు. వాటిల మందు కూరి వత్తి పెట్టి అంటిచ్చి పైకి వస్తారు. పేలినంక, పొగ పోయినంక మళ్లా దిగి రాళ్లు ఏరి డబ్బాల నింపుతారు. ఒడ్డు మీది క్రేను ఆ డబ్బాను ఇనుప తాడుతోని పైకి గుంజుతది. రాళ్లను ఒడ్డు మీద ఆడోళ్లు తట్టలకెత్తి దూరం పారబోస్తారు. లోపల ఉన్నోని ప్రాణం ఎన్నింటి మీద ఆధారపడి ఉంటదో లెక్క పెట్టుకోండి: తాడు తెగొద్దు, డబ్బాల నుంచి రాయి జారొద్దు, పక్క గడ్డ కూలొద్దు, పేలకుండ మిగిలిన తూటాకు గడ్డపార తగలొద్దు. ఇంజను లోపల పెట్టి నీళ్లు తోడిన బాయి అయితే పొగకు ఊపిరాడక పడిపోయే భయం. అందుకే లోపలి కూలి ఎక్కువ. ఒడ్డు మీది కూలి అందుల సగం.

మా అవ్వ రెండు ఎండకాలాలు ఒడ్డు మీద తట్టలు మోసింది. మూడో ఏడు మేస్త్రిని అడిగింది: "నేను లోపల దిగుతనే మేస్త్రీ. నాకు లోపలి కూలియ్యి."

అప్పుడు చూడాలె ధర్మం ఎంతమందికి గుర్తొచ్చిందో. మేస్త్రి వడ్డెరాయన. మంచోడే, మాతోని కలిసే తిన్నడు. కానీ "ఆడది దిగితె గంగమ్మకు ఆగ్రహమైతది, నీళ్లు పడయి" అన్నడు. బాయి ఆసామికి నీళ్లు పడుడు సంగతి తర్వాత, ముందు మైల సంగతి. మాదిగ ఆడది, నెలలో ఎప్పుడు ఎట్లుంటదో, తన బాయిల దిగుడా! (మాదిగ మొగోళ్లు దిగితే ఆయనకు మైల లేదు. ఆ లెక్క నాకు ఇప్పటికీ సమజ్ కాలేదు.) మా పెదనాయినకు పరువు గుర్తొచ్చింది. "తమ్ముడు మంచాల పడితె నువ్వు బాయిల పడ్తవా, వాడకట్టు నవ్వదా?" అన్నడు. ముగ్గురివి మూడు కులాలు, మూడు కారణాలు. తేల్చింది మాత్రం ఒక్కటే: సగం కూలికాడనే ఉండు.

ఆ ఏడు చైత్రం దాటంగనే మా వాడల మొగోళ్లు శానమంది బిల్డింగుల పనికి హైదరాబాద్ పోయిన్రు. బాయిలు సగం సగం ఆగినయి. వానకాలం మీదికొస్తున్నది. మేస్త్రే మా ఇంటికొచ్చిండు. అవ్వ దిగింది. గంగమ్మ ఏమనలేదు, నీళ్లు పడ్డయి. ఆసామికి మైల గుర్తు రాలేదు. పెదనాయిన హైదరాబాద్‌ల ఉండె.

శనివారం కూలి పంచేటప్పుడు మేస్త్రి ఒడ్డు కూలే చేతుల పెట్టిండు. "ఆడకూలి గింతే గదా" అన్నడు. మా అవ్వ పైసలు ముడేసుకోకుండ అన్నది: "పైనుంచి రాయి పడేటప్పుడు ఆడిదా మొగోడా అని చూసుకొని పడ్తదా మేస్త్రీ?" ముప్పావు కూలికి ఒప్పుకున్నడు. అప్పటికి సమాన వేతన చట్టం వచ్చి పదిహేనేండ్లు దాటింది. 1976ల చేసిన చట్టం అది. నిండు కూలి మా అవ్వ ఏ బాయిలనూ చూడలేదు. నిండిన ఆ బాయి నీళ్లు కూడా ఆమె చేద వేసి తోడుకున్నది కాదు, ఎవరన్న పోస్తే దోసిట్ల పట్టుకొని తాగిందే.

ఇది ఒక్క మా ఊరి మేస్త్రి కథ అనుకుంటే పొరపాటు. దేశాన్ని ఏలినోళ్లూ ఇట్లనే చేశారు. బొగ్గుబాయిల లోపల ఆడవాళ్లు పని చేయొద్దని బ్రిటిష్ ప్రభుత్వం 1929ల నియమాలు చేసింది. కొంచెం కొంచెంగా తీసేసుకుంటూ వచ్చి 1937ల పూర్తిగా ఆపింది. ఆడవాళ్ల ఆరోగ్యం, నీతి, కుటుంబం అని కారణాలు చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. బొగ్గు కావాలె, మగకూలీలు మిలిటరీ పనులకు పోయారు. 1943ల నిషేధం ఎత్తేశారు. యుద్ధం అయిపోయింది. 1946ల మళ్లీ పెట్టారు. ఆ మూడేండ్లు బాయి లోపల ప్రమాదం లేకుండె కాబోలు! స్వతంత్రం వచ్చినంక 1952 గనుల చట్టం 46వ సెక్షన్‌ల అదే నిషేధం కొనసాగింది. 2019 జనవరిలో గాని కేంద్రం దాన్ని సడలించలేదు. భూపాలపల్లి బొగ్గుబాయిలు మా జిల్లావే. అక్కడి తల్లులు గని గేటు బయటనే నిలబడ్డారు.

ఆడదాన్ని కాపాడుతున్నం అనే మాట వినబడ్డప్పుడల్లా, ఎక్కడి నుంచి కాపాడుతున్నరు, ఎక్కడ వదిలేస్తున్నరు అని చూడాలె. వరంగల్ పత్తి ఊరు. ఆజంజాహి మిల్లు 1934ల పెట్టారు, 2002ల మూతపడింది. ఏనుమాముల మార్కెట్ చుట్టూ జిన్నింగు మిల్లులు. 1948 ఫ్యాక్టరీల చట్టంల 27వ సెక్షన్ అని ఒకటి పెట్టారు. పత్తి ప్రెస్సింగు జరిగే ఫ్యాక్టరీల, పత్తిని విప్పే మిషను నడిచే చోట ఆడవాళ్లను, పిల్లలను పెట్టొద్దని దాని సారం. దానికి ఒక మినహాయింపు కూడా ఉండె. పత్తి వేసే దిక్కుకూ, బయటికొచ్చే దిక్కుకూ నడుమ కప్పు దాకా గోడ కడితే, పత్తి వేసే దిక్కు ఆడవాళ్లను పెట్టొచ్చన్నది. చట్టం చూసిన ప్రమాదం గోడకు అవతలి దిక్కుది. ఇవతల మిషనుకు పత్తి అందించే చేతులు ఎవరివి? ఆ దుమ్ము పీల్చే ఊపిరితిత్తులు ఎవరివి? చలికాలం రెండు నెలలు మా అవ్వ ఒక మిల్లుల పత్తి మోసింది. ఇంటికొచ్చి తల దులిపితే మంచు కురిసినట్టు రాలేది. రాత్రంతా దగ్గేది. నాయిన దగ్గూ అవ్వ దగ్గూ వేరుచేసి గుర్తుపట్టుడు మేం పిల్లలం నేర్చుకున్నం.

చేన్ల మందు కొట్టుడు మగపని. డ్రమ్ముల మందు కలుపుడు, బిందెలతోని నీళ్లు మోసుకొచ్చి పోసుడు ఆడోళ్ల పని. కలిపేటప్పుడే మందు చిక్కగ ఉంటది, చేతులకు అంటేది అప్పుడే. ఊర్లల్ల పాకీ దొడ్లు కడిగినోళ్లల్ల ఎక్కువమంది ఆడవాళ్లే. 1993ల ఒకసారి, 2013ల ఒకసారి చట్టం చేసి ఆపాల్సినంత ఘోరమైన పని అది. దాన్ని చేస్తున్న ఆడమనిషిని 'మగవాళ్లకు దీటుగా' అని ఎవరన్న రాసిన్రా? రాయరు. దాన్ని మగపని చేయాలని ఏ మొగోడూ కోరుకోలేదు గనక.

ఇప్పుడు సాహిత్యం దగ్గరికి వస్తా. ఈ పుస్తకం చదివేది కార్యకర్తలు, విద్యార్థులు. మనలో మనం మాట్లాడుకోవాల్సింది ఇక్కడే.

స్త్రీవాద కవిత్వం నా చేతికి వచ్చినప్పుడు నేను కాకతీయ యూనివర్సిటీల చదువుతున్న. విమల 'వంటిల్లు' చదివి మా క్లాసు అమ్మాయిలు కొందరు ఏడ్చారు. ఆ పద్యం అబద్ధం అని నేను అనను. ఆ ఇండ్లల్ల అది నిజమే. మా ఇంట్ల వంటిల్లు లేదు. గడప బయట మూడు రాళ్లు, వానొస్తే చూరు కిందికి జరిగే మూడు రాళ్లు. మా అవ్వకు ఇంట్ల బందీగా ఉండే తీరిక దొరకలేదు. ఇల్లు దాటి బయటికి రావడమే విముక్తి అన్న సూత్రంతో ఆమెను కొలిస్తే, పుట్టినప్పటి నుంచి ఆమె విముక్తురాలే కావాలె! బయట ఏ కూలికి, ఏ పనికి, ఎవరి బాయిలకు అన్న ప్రశ్న ఆ కవిత్వం వేయలేదు. వరంగల్ విప్లవ సాహిత్యానికి పుట్టినిల్లు వంటిది. తుపాకీ పట్టిన ఆడమనిషి మీద ఎన్ని పాటలు వచ్చినయో మనకు తెలుసు. గడ్డపార పట్టిన ఆమె ఆ పాటల్లో 'కూలితల్లి' అయి గుంపుల కలిసిపోయింది. పాలకుర్తి ఐలమ్మను కూడా జెండాతోనే గుర్తుపెట్టుకున్నం. చాకలి కులపు ఆడమనిషి భూమి కౌలుకు పట్టి, నాటేసి, పంట తీసి, ఆ పంటనే విసునూరు దొర నోటికాడి నుంచి కాపాడుకున్నది. ఆమె పోరాటం మొదలైంది సేద్యం దగ్గర. మనం సేద్యాన్ని దాటేసి పోరాటం దగ్గరికి దుమికినం.

వాళ్లను అనుడు సులభం. మన దళిత కవిత్వం సంగతేంది? 1990లల్ల మన అన్నలు, తమ్ముళ్లు రాసిన పద్యాల్లో అవ్వ లేని పుస్తకం లేదు. ఆమె ఏం చేస్తదండీ వాటిల్ల? ఏడుస్తది. గంజి తాపుతది. చినిగిన చీరతోని కొడుకును సదివిస్తది. చివరికి దేవత అయితది. ఆమె పనిల ఆమెకున్న తెలివి ఎక్కడ? 'ఏనుగంత తండ్రి పోయినా ఏకులబుట్టంత తల్లి ఉండాలె' అని సామెత. ప్రేమగల సామెతే. కానీ తండ్రిని ఏనుగుతోని, తల్లిని దూదిబుట్టతోని తూచింది చూడండి. మన కవిత్వం కూడా ఆ తక్కెడనే వాడింది.

మా అవ్వ తెలివి ఏందో ఒక్క ముచ్చట చెప్త. తూటాలు పేలేటప్పుడు అందరూ దూరం పోయి చెవులు మూసుకుంటరు. అవ్వ మూసుకోకపోయేది. లెక్క పెట్టేది. ఒకనాడు అయిదు వత్తులు అంటిచ్చిన్రు. నాలుగు చప్పుళ్లే వచ్చినయంటది అవ్వ. రెండు ఒక్కసారి పేలినయి అంటరు మొగోళ్లు. రెండు ఒక్కసారి పేలితే చప్పుడు వేరు, కాళ్ల కింద అదురు వేరు అని ఆమె వాదన. డబ్బాల కాలు పెట్టినోణ్ని రెక్క పట్టి వెనుకకు గుంజింది. శాన సేపు ఆగినంక మేస్త్రి ఒక్కడే దిగి చూసిండు. ఒక మూలకు పేలని తూటా ఉన్నది. ఆ రోజు నుంచి లెక్క అవ్వదే అయింది. దానికి కూలి పెరగలేదనుకోండి. గడ్డపార కొన తగిలిన చప్పుడును బట్టి కింద బండ నిండు బండనా, పగులు బండనా చెప్పేది. పగుల్ల నుంచి తేమ వాసన వస్తే నీళ్లు ఏ మూల నుంచి పడతయో చెప్పేది. ఇవన్నీ విద్యలు. ఇంజనీరు చేస్తే చదువు అంటం, మాదిగ ఆడది చేస్తే కష్టం అంటం. కష్టం అన్నమా, జాలి పడి వదిలేయొచ్చు. విద్య అంటే మర్యాద చేయాల్సి వస్తది, నిండు కూలి ఇయ్యాల్సి వస్తది.

ఈ లోపాన్ని మన ఆడవాళ్లే కొంత పూడ్చారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003ల 'నల్లపొద్దు' రాకపోతే దళిత స్త్రీలు ఇన్నేండ్లు ఏం రాశారో మనకే తెలియకపోవు. 2006ల జూపాక సుభద్ర, శ్యామల కలిసి తెచ్చిన 'నల్లరేగటిసాల్లు' మాదిగ, ఉపకులాల ఆడవాళ్ల కథలను ఒక్కకాడ చేర్చింది. సుభద్ర మా జిల్లా మనిషే. ఆమె 'కొంగు' పద్యంలో కొంగు సిగ్గుకు గుర్తు కాదు, పనిముట్టు. నాకు ఆ పద్యం నచ్చింది అందుకు. దాంట్ల ఏడుపు కన్నా వాడకం ఎక్కువ. కానీ ఇంకా శాన పని మిగిలే ఉన్నది. మన కథల్లో కూడా పని చాలాసార్లు కథకు వెనుక గోడలెక్కనే ఉంటది. పాత్ర కూలికి పోతది, తిరిగొస్తది. నడుమ ఎనిమిది గంటలు ఏం జరిగిందో రాసినోళ్లు తక్కువ.

మొన్నీమధ్య ఒక రీసెర్చి విద్యార్థి మా ఇంటికొచ్చిండు. మన పిల్లడే, శ్రద్ధగల్లోడు. అవ్వకు ఇప్పుడు చెవులు సరిగ వినబడయి. తూటాలకే పోయినయి చెవులు. గట్టిగ అడిగిండు: "బాయిల దిగినప్పుడు భయం కాలేదా పెద్దమ్మా?" "ధైర్యం ఎట్లొచ్చింది?" "ఆడదానిగ ఎట్లనిపిచ్చింది?" అవ్వ కొంచెం సేపు చెప్పింది. తర్వాత విసుగొచ్చింది. "బిడ్డా, కూలెంతిచ్చిన్రని అడుగవేంది?" అన్నది. ఆ పిల్లని ప్రశ్నల కాయితంల ఆ ప్రశ్న లేదు. పక్కన ఖాళీల రాసుకున్నడు.

2020ల పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్‌ల ఆడవాళ్లు అన్ని రకాల పనులకూ అర్హులు అని రాశారు. రాత్రిపూట పనికైతే వాళ్ల సమ్మతి ఉండాలన్నరు. మంచిదే, స్తంభాలకూ గనులకూ అడ్డం పోయింది. కానీ సమ్మతి అనే మాట దగ్గర నేను ఆగుతాను. నాయిన మంచంల, పటేలు బాకీ గడపల ఉన్నప్పుడు మా అవ్వ ఇచ్చినది కూడా సమ్మతే. తలుపులు తెరిస్తే సరిపోదు. తలుపు లోపల ముప్పావు కూలి ఉన్నదా, నిండు కూలి ఉన్నదా? కాంట్రాక్టు మీద దింపుతున్నరా, పర్మినెంటు మీద దింపుతున్నరా? శిరీష, భారతి గెలిచింది పర్మినెంటు ఉద్యోగం కోసం కాబట్టే ఆ గెలుపు పెద్దది. రేపు వాళ్ల మీద కథ రాసేటోళ్లు, పాట కట్టేటోళ్లు స్తంభం ఎత్తుతో పాటు ఆ జీతం చీటీ కూడా చూసి రాయాలని నా కోరిక.

నేను మాత్రం ఒక నోటుబుక్కు పెట్టుకున్న. బాయిపనిల అవ్వ వాడిన మాటలు, పనిముట్ల పేర్లు, రాళ్ల రకాల పేర్లు, తాడుకు వేసే ముడుల పేర్లు రాసుకుంటున్న. శాన మాటలు నిఘంటువుల దొరకలేదు. సగం బుక్కు నిండింది. అవ్వ కొన్ని మర్చిపోయింది. ఆమెతోని లోపల దిగిన ఆడోళ్లు ఇంకా ఇద్దరు ఉన్నరు. ఒకామె నెక్కొండ దగ్గర బిడ్డ ఇంట్ల ఉంటున్నదట. ఎండలు తగ్గినంక పోయి అడగాలె.